కొలతల పుస్తకం చివరి పేజీ

ముందు పేజీల్లో పేటలోని ఆడవాళ్ళ భుజాలు, చంకలు, చేతిపొడవులు.
చివరి పేజీ నాది.
పరగడుపున 188. తిన్నాక 240.
ఆదివారం రాయలేదు,
ఆదివారం పూంగొడి వాళ్ళక్క సీమంతం.

ఒకరోజు పూంగొడి పుస్తకం తిప్పి అడిగింది:
"ఎవరక్కా ఇది, నడుము నూట ఎనభై ఎనిమిది?
మన టేపే అరవై అంగుళాలు కదా!"
ఇద్దరం మిషన్లు ఆపి నవ్వాం.
అంతలో నా మొహం చూసి ఆ పిల్ల
పళ్ళతో దారం తెంపినట్టు
తన నవ్వు తెంపేసింది.

పురసవాక్కంలో, పాత్రల అంగడి మెట్ల కింద నా కొట్టు.
రెండు మిషన్లు, ఒక ఫ్యాను, ఆరడుగుల గాలి.
ఇరవై రెండేళ్ళుగా సూదే నాకు అన్నం.
గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకోవడమే మందు,
ఉప్పగా ఉండేది.
ఇప్పుడు పొద్దున్నే నాకు నేనే గుచ్చుకుంటాను,
పట్టీ మీద చుక్క పెట్టి అయిదు లెక్కపెడతాను.
నా నెత్తురు తియ్యనిదని ఆ బుల్లి మిషను చెబుతుంది.
నోట్లో పెట్టుకుని చూశాను.
ఇప్పటికీ ఉప్పే.

ఏ వేలిని గుచ్చాలన్నది రోజూ ఒక పంచాయితీ.
చూపుడువేలు గుడ్డను తోయాలి, దాన్ని ముట్టను.
బొటనవేలు కత్తెరది.
ఉంగరపువేలే పాపం,
ఉంగరం కుదువకు పోయి చాన్నాళ్ళయింది,
ఖాళీగా ఉంటుంది.

పెళ్ళి జాకెట్లు తీసుకుపోయేవాళ్ళు పెట్టె తెరిచి
"ఒక్కటే అక్కా, ఒక్కదానికి ఏమవుతుంది" అంటారు.
ఆ ఒక్కట్లన్నీ నేను కూడి చూశాను.
వద్దంటే, వాళ్ళ శుభానికి నా నోరు అడ్డమొచ్చినట్టు చూస్తారు.
తీసుకుంటాను. బొత్తాల డబ్బా పక్కన పెడతాను.
సాయంత్రానికి చీమలు కనుక్కుంటాయి,
వాటికి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేదు.

తుఫానుకి నాలుగు రోజులు కరెంటు పోయినప్పుడు
ఇన్సులిన్ సీసాని నీళ్ళకుండలో దాచి
గంటకోసారి కుండను తాకి చూసేదాన్ని,
జ్వరమొచ్చిన బిడ్డ నుదురు తాకినట్టు.

రాత్రుల సంగతి ఎవరికీ చెప్పను.
మూడింటికి చెమటలతో మేలుకుంటాను,
సూదిలో దారం ఎక్కించలేని చేతులతో.
దీపం వేస్తే ఏకాంబరం లేస్తాడు, లేస్తే భయపడతాడు,
భయపడితే నా మీదే అరుస్తాడు.
అందుకని చీకట్లోనే స్టవ్వు పక్క డబ్బా తడుముతాను.
పగలంతా పగబట్టిన చక్కెర
అప్పుడు గుప్పెడు ప్రాణం.
నా ఇంట్లో నేనే దొంగలా నిలబడి నములుతుంటే
పళ్ళ కింద ఆ కరకర
వీధి వీధంతా వింటోందేమో అనిపిస్తుంది.

మొన్న ఆడి నెల రద్దీ.
తెల్ల లైనింగు గుడ్డ నేల మీద పరిచి కత్తిరిస్తున్నాను.
"అక్కా, గుడ్డ మీద ఈ ఎర్రచుక్కలేంటి?"
చుక్కల వెంట వెతుక్కుంటూ పూంగొడి
నా కాలి దగ్గరికొచ్చి ఆగింది.
మడమలో గుండుసూది, తలదాకా దిగి.
ఎప్పుడు దిగిందో. పొద్దుననా, నిన్ననా.
సూదితోనే బతికినదాన్ని,
గుచ్చుకుంటే తెలియలేదు.
పీకినప్పుడూ తెలియలేదు.
ఏడ్చాను,
నొప్పి లేనందుకు.

ఇప్పుడు కొట్టు మూసేముందు
పూంగొడి అయస్కాంతానికి దారం కట్టి నేలంతా ఈడుస్తుంది.
తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంటుంది.
మొదటిరోజు పాదాలు తన ఒళ్ళో పెట్టుకోబోతే లాగేసుకున్నాను.
"ఊరకుండక్కా, అందరి కొలతలూ నువ్వు తీయడంలా?" అంది.
చివరి పేజీలో, 188 పక్కన, తమిళంలో ఏదో రాసింది.
అడిగితే చదివి వినిపించింది:
ఎడమకాలు బాగుంది.
కుడిది రేపు మళ్ళీ చూడాలి.